మదిలో చూడటం గురించి మనవలకు ఉత్తరం

హనుమకొండ

చిరంజీవులైన నా పెద్ద మనవరాలికి, చిన్న మనవడికి, వాళ్ళతో కలిసి ఇది చదివే స్నేహితులందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరడిగిన ప్రశ్నలు అయిదు నిమిషాల్లో తేలేవి కావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పెద్దదానా, నువ్వడిగింది ఇది: మనం పూజలో కళ్ళు మూసుకుని దేవుడి రూపాన్ని తలచుకుంటాం, టిబెట్ బౌద్ధులు తార అనే దేవతను మనసులో నిలుపుకుంటారట, రెండూ ఒకటేనా? చిన్నోడి సందేహం వేరే. బుద్ధుడు సృష్టికర్త గురించి మాట్లాడనే లేదని స్కూల్లో చెప్పారు, మరి బౌద్ధులకు దేవతలు ఎక్కడినుంచి వచ్చారని.

ముందు నేననుకునేది చెప్తాను. కళ్ళు మూసుకున్నాక చేసే పని రెండు చోట్లా చాలా దగ్గరగా ఉంటుంది. కనబడిన ఆ రూపం ఎవరు, చివరికి దాన్ని ఏం చేయాలి అన్న దగ్గర దారులు విడిపోతాయి. విడిపోయిన దారులు మళ్ళీ అక్కడక్కడా కలుస్తాయి కూడా. కాబట్టి "అంతా ఒకటే" అని తేల్చేసేవాళ్ళ మాట, "దానికీ దీనికీ పొంతనే లేదు" అనేవాళ్ళ మాట, రెండూ నాకు నచ్చవు.

ఈ కథ హిమాలయాల్లో మొదలుపెట్టనక్కర్లేదు. మన గోదావరి ఒడ్డునే మొదలుపెట్టొచ్చు. బౌద్ధుల చాలా పాత గ్రంథాల్లో సుత్తనిపాతం ఒకటి. అందులో బావరి అనే బ్రాహ్మణ గురువు కోసల దేశం నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక రాజ్యంలో గోదావరి గట్టున ఆశ్రమం కట్టుకున్నాడని ఉంది. అస్సక రాజ్యమంటే మన నిజామాబాద్, బోధన్ వైపు అని, ఆ ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదనకుర్తి దగ్గర ఉండేదని చరిత్రకారులు కొందరు చెప్తారు. బావరి తన పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. ప్రతిష్ఠానం, ఉజ్జయిని మీదుగా అంత దూరం నడిచి వెళ్ళి, ఒక్కొక్కరూ ఆయన్ను ప్రశ్నలడిగారు. వాళ్ళలో పింగియుడు బాగా ముసలివాడు. "నేను ముసలివాణ్ణి, బలం లేదు, చూపు సరిగ్గా ఆనదు, చెవులు సరిగ్గా వినబడవు" అని బుద్ధుడితోనే చెప్పుకున్నాడు.

పింగియుడు తిరిగి వచ్చి, చూసినదంతా బావరికి చెప్పాడు. అంత గొప్పవాణ్ణి వదిలి ఒక్క క్షణమైనా ఎలా ఉండగలుగుతున్నావని బావరి అడిగాడు. దానికి పింగియుడి జవాబు నాకు చాలా ఇష్టం. నేను ఆయన్ను వదిలి ఒక్క క్షణం కూడా లేను, రాత్రీ పగలూ కళ్ళతో చూసినట్టే మనసుతో చూస్తున్నాను అన్నాడు. ఈ ఒళ్ళు ముసలిదైపోయింది, అక్కడికి వెళ్ళలేదు, మనసు మాత్రం వెళ్తూనే ఉంటుంది, అది ఆయనతోనే ముడిపడి ఉంది అన్నాడు. చిన్నోడా, నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఆ ముసలాయన ఏ సృష్టికర్తనూ తలచుకోలేదు. తనకు దారి చూపిన మనిషిని తలచుకున్నాడు. ఆ తలపులో ప్రేమ ఉంది. బుద్ధుణ్ణి ఇలా స్మరించటమే తర్వాత ఒక ధ్యాన పద్ధతిగా స్థిరపడింది. దాన్ని బుద్ధానుస్మృతి అంటారు.

అయితే ఆ సంప్రదాయంలోనే ఇంకో మాట కూడా ఉంది. వక్కలి అనే భిక్షువు జబ్బుపడి, మిమ్మల్ని కళ్ళారా చూడాలని ఎంతో కోరిక ఉందంటాడు. ఈ శరీరాన్ని చూస్తే ఏమొస్తుంది వక్కలీ, ధర్మాన్ని చూసినవాడు నన్ను చూసినట్టే అంటాడు బుద్ధుడు. రూపాన్ని పట్టుకో, కానీ రూపం దగ్గరే ఆగిపోకు అన్న ఈ పేచీ బౌద్ధంలో చివరిదాకా కనబడుతుంది. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలం నాటి స్తూపం ఉంది. అక్కడి పలకల మీద బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ముచిలింద అనే నాగు పడగ విప్పి కాపాడుతూ ఉంటుంది, కాపాడేది ఎవరినో చూసేవాడి మనసే పూరించుకోవాలి.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. వినాయక చవితి పూజ పుస్తకంలో సంకల్పం అయ్యాక ఒక శ్లోకం వస్తుంది, గుర్తుందా?

ఏకదంతం శూర్పకర్ణం గజవక్త్రం చతుర్భుజం
పాశాంకుశధరం దేవం ధ్యాయేత్ సిద్ధివినాయకం

ఒకటే దంతం, చేటల్లాంటి చెవులు, ఏనుగు ముఖం, నాలుగు చేతులు, వాటిలో పాశం, అంకుశం. ఇలా ఉన్న సిద్ధివినాయకుణ్ణి ధ్యానించాలి అని చెప్తోంది. ఇందులో కోరికలు లేవు, పొగడ్త కూడా పెద్దగా లేదు. మనసులో ఏం చూడాలో వరసగా చెప్తుందంతే. ఇలాంటి వాటిని ధ్యానశ్లోకాలంటారు. విష్ణు సహస్రనామానికి ముందు చదివే "శాంతాకారం భుజగశయనం", లలితా సహస్రనామానికి ముందు వచ్చే "సిందూరారుణ విగ్రహాం" ఆ కోవలోవే. మనందరం వీటిని గబగబా చదివేసి అష్టోత్తరానికి పరుగెత్తుతాం. నాకు అది బాధగా ఉంటుంది. ఉపచారాలు పదహారింటిలో మొదటిది ధ్యానం. ఆ తర్వాతే ఆవాహన. ముందు మనసులో రూపం నిలిస్తే, అక్కడినుంచి ఎదురుగా ఉన్న మట్టి విగ్రహంలోకి రమ్మని పిలుస్తాం. పూజంతా అయ్యాక ఉద్వాసన చెప్తాం, క్షేమం కోసం మళ్ళీ రావాలని కోరి సాగనంపుతాం. వచ్చినవాడికి కాళ్ళు కడిగి, కూర్చోబెట్టి, నైవేద్యం పెట్టి పంపుతున్నాం. అంటే వచ్చేవాడు ఒకడు ఉన్నాడు, వాడు నా ఊహలో పుట్టినవాడు కాదు అన్న నమ్మకం మీదే ఆ పూజంతా నిలబడి ఉంది.

విగ్రహం లేకుండా అంతా మనసులోనే చేసే మానసపూజ కూడా ఉంది. భూమి తత్త్వాన్ని గంధంగా, ఆకాశాన్ని పువ్వుగా, గాలిని ధూపంగా, అగ్నిని దీపంగా, అమృతాన్ని నైవేద్యంగా అర్పిస్తారు. లేనివాడు ఉన్నవాడితో సమానంగా చేయగలిగిన పూజ కాబట్టి నాకు దాని మీద గౌరవం ఎక్కువ.

రూపాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎలా చూడాలో భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తన తల్లి దేవహూతికి చెప్తాడు. ముందు పాదాలు. అవి బాగా నిలిచాక పిక్కలు, మోకాళ్ళు, నడుము, నాభి, వక్షం, చేతులు, మెడ, ముఖం, ఆ తర్వాత చూపు, చిట్టచివర నవ్వు. ముగ్గుకు ముందు చుక్కలు పెట్టుకుని తర్వాత గీతలు కలిపినట్టే ఇది కూడా. చుక్కలు కుదరకుండా గీతలకు తొందరపడితే ముగ్గు చెదిరిపోతుంది.

భాగవతం అన్నాక బమ్మెర పోతన గురించి చెప్పకుండా ఎలా ఉంటాను? బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది గానీ, మాకు చిన్నప్పటి నుంచీ అది ఓరుగల్లు సీమే. ఆయన సరస్వతిని తలచుకుంటూ రాసిన పద్యం మీకు నేర్పించాను. శరత్కాలపు మబ్బు, చంద్రుడు, కర్పూరం, హంస, మల్లెల దండ, మంచు, నురుగు, వెండికొండ, రెల్లుపూలు అంటూ తెల్లనివన్నీ ఒకదాని మీద ఒకటి పోసి, చివరికి "నిన్ను మదిగానగ నెన్నడు గల్గు భారతీ" అంటాడు. నిన్ను మనసులో ఎప్పుడు చూడగలుగుతానమ్మా అని. ఆ తెల్లనివన్నీ అలంకారం కోసం పేర్చాడని కొందరంటారు. నేనలా అనుకోను. ఒక్కొక్కటీ చదువుతూ ఆగి చూడండి, కళ్ళలో తెల్లదనం నిండుతూ వస్తుంది. ఆ పద్యమే ఒక ధ్యానం. పింగియుడు "మనసుతో చూస్తున్నాను" అన్నాడు, దాదాపు రెండు వేల ఏళ్ళ తర్వాత పోతన "మదిలో ఎప్పుడు చూస్తాను" అన్నాడు. ఇద్దరికీ మనసు ఒక కన్నే.

భాగవతం ఎలా మొదలైందో కూడా పోతన తానే చెప్పుకున్నాడు. ఒక పున్నమి రాత్రి చంద్రగ్రహణం వస్తే గంగలో స్నానం చేసి, ఇసుక తిన్నె మీద కళ్ళు సగం మూసుకుని మహేశ్వరుణ్ణి ధ్యానిస్తున్నాడు. మన దిక్కు గోదావరిని గంగ అనే పిలుస్తాం కాబట్టి, చదివినప్పుడల్లా నాకు గోదావరి ఇసుకే కనబడుతుంది. ధ్యానం చేసింది శివుణ్ణి. కనబడింది రాముడు! మెరుపు పక్కన మేఘంలా, సీత పక్కన నిలబడి, నా పేర భాగవతాన్ని తెలుగు చెయ్యి, నీ భవబంధాలు తెగుతాయి అన్నాడు. ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇతను పిలిచింది ఒకరిని, వచ్చింది ఇంకొకరు. భక్తుడి దృష్టిలో దేవుడికి తన ఇష్టం తనకుంది. ధ్యానం తలుపు తీసి పెట్టటం వరకే, రావటం ఆయన పని.

ఇప్పుడు తార దగ్గరికి వెళ్దాం. బౌద్ధంలో మహాయానం అనే శాఖ, దానిలోంచి మంత్రసాధనల వజ్రయానం వచ్చేసరికి రూపధ్యానం చాలా పెరిగింది. అమితాభ బుద్ధుణ్ణి చూడాలంటే ముందు అస్తమించే సూర్యుణ్ణి మనసులో నిలపమని మొదలుపెట్టి, పదహారు మెట్లు చెప్పే సూత్రం ఒకటుంది. చైనా, జపాన్‌లలో దానికి చాలా పేరు. ఇక వజ్రయానంలో ఒక్కొక్క దేవతకు ఒక్కొక్క సాధన ఉంది. ఇవి మన దేశంలోనే సంస్కృతంలో రాసినవి. సాధనమాల అనే సంకలనానికి దొరికిన పాత ప్రతుల్లో ఒకటి 1165 నాటిది. మన వేయిస్తంభాల గుడి 1163 నాటిది. ఇక్కడ రుద్రదేవుడు శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి ఒకే చోట మూడు గర్భగుళ్ళు కట్టించిన రోజుల్లోనే, ఇంకెక్కడో ఎవరో దీపం ముందు కూర్చుని ఆ సాధనలు రాసుకుంటున్నారన్నమాట.

తార సాధన ఇలా నడుస్తుంది. మొదట సకల జీవుల మేలు కోసమే చేస్తున్నానని అనుకోవాలి. తర్వాత, మనకు చాలా కొత్తగా అనిపించే మెట్టు వస్తుంది. తనతో సహా అన్నీ శూన్యం అని భావించాలి. శూన్యమంటే ఏమీ లేదని కాదు, ఏదీ తనంతట తానుగా స్వతంత్రంగా నిలిచి లేదని. ఆ శూన్యంలోంచి ఒక పద్మం, దాని మీద చంద్రబింబం, దాని మీద "తాం" అనే బీజాక్షరం, అంటే ఆ దేవతకు విత్తనంలాంటి మంత్రాక్షరం, పుడతాయి. ఆ అక్షరమే వెలుగై, ఆకుపచ్చని తార అవుతుంది. కుడిచేయి వరమిచ్చే వరద ముద్రలో, ఎడమచేతిలో నీలి కలువ, పిలిస్తే లేచి రావటానికి సిద్ధంగా ఉన్నట్టు కుడికాలు కిందికి చాచి ఉంటుంది. ఆమె ఎదురుగా నిలబడదు, సాధకుడే ఆమెగా అవుతాడు. నేనే తారను, ఈ కరుణ నాదే అని నిలబడతాడు. చివర ఆ రూపమంతా వెలుగులో కరిగి, అక్షరంలోకి, అక్షరం శూన్యంలోకి వెళ్ళిపోతాయి. చిన్నోడి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది. వాళ్ళ దేవత లోకాన్ని సృష్టించినది కాదు. కరుణకు, జ్ఞానానికి ఒక రూపం. ఆ రూపం కూడా శాశ్వతమని పట్టుకోకూడదు.

అయితే మధ్యలో ఒక మెట్టు దగ్గర నేను ఆగిపోయాను. తన ఊహలో తయారైన తారను వాళ్ళు సమయసత్త్వ అంటారు. తర్వాత జ్ఞానసత్త్వ అనే అసలైన తారను మంత్రంతో రప్పించి, ఊహలోని రూపంలో కలుపుతారు. ఇది మన ఆవాహన లాగే లేదూ?

మన వైపు కూడా గీత అంత నిటారుగా లేదు. కాకతీయ గణపతిదేవుడికి గురువైన విశ్వేశ్వర శివాచార్యులు గోళకీ మఠానికి చెందిన శైవాచార్యుడు. ఆ ఆగమ సంప్రదాయంలో తాను శివుడై శివుణ్ణి పూజించాలన్నది నియమం. భూతశుద్ధితో శరీరాన్ని మనసులోనే దహించి, అమృతంతో తడిపి కొత్తగా తయారుచేసుకుని, న్యాసంతో ఒంటినిండా మంత్రాలు నిలుపుకుని, అప్పుడు పూజకు కూర్చుంటారు. అయినా పూజ అందుకునే శివుడు అక్కడ కరిగిపోడు. అటు కపిలుడు కూడా, నవ్వు దాకా చూపించిన తర్వాత, మనసు ఆ రూపాన్ని కూడా మెల్లగా వదిలి, నూనె అయిపోయిన దీపం మంటలా నిర్వాణం పొందుతుందంటాడు. బౌద్ధుల నోట ఎప్పుడూ వినబడే ఉపమానం భాగవతంలో కనబడితే మొదట్లో నేను ఆశ్చర్యపోయాను. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని తగవులాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకే నేల మీద పక్కపక్కన బతికినవాళ్ళు ఒకరిది ఒకరు చూసే ఉంటారు. తార మన దశమహావిద్యల్లో కూడా ఉంది కదా.

నన్నడిగితే, నేను పిలిచి, కూర్చోబెట్టి, సాగనంపే దారిదాన్ని. భద్రకాళి గుడిలో నిలబడితే ఆ తల్లి అక్కడ ఉందనే నాకు గట్టిగా అనిపిస్తుంది, ఆ నమ్మకాన్ని వాదనతో ఎవరూ మార్చలేరు. కానీ తారను వెలుగులో కరిగించేవాడు దేవతను తక్కువ చేస్తున్నాడని అనుకోను. వాడు వదులుకుంటున్నది తన పట్టును.

పరీక్షల టెన్షన్ తగ్గటానికి ఇది పనికొస్తుందా అని చిన్నోడు మెసేజ్ కూడా పెట్టాడు. ఒక రూపం మీద కాసేపు నిలిస్తే మనసు నెమ్మదిస్తుంది, నిజమే. అందుకోసం చేసినా తప్పు లేదు. ఇంట్లో పటం ముందు కూర్చుని, ముందు కళ్ళు తెరిచి పాదాలను బాగా చూడండి. కళ్ళు మూసుకుని ఆ పాదాలే చూడండి. మసగ్గా ఉంటే ఉండనీయండి, కొందరికి బొమ్మ స్పష్టంగా రాదు, పాదాలు అక్కడున్నాయన్న భావన నిలిచినా చాలు. పాదాలు కుదిరాకే పైకి వెళ్ళండి. లేచే ముందు దండం పెట్టుకోండి. ధ్యానశ్లోకం ఎవరైనా చదువుకోవచ్చు. కానీ బీజాక్షరాల సాధనలు, "నేనే దేవతను" అనే సాధనలు వీడియోలు చూసి మొదలుపెట్టకండి. మనవాళ్ళయినా బౌద్ధులయినా దీక్ష ఇచ్చే గురువు లేకుండా (బౌద్ధులు దాన్నే అభిషేకం అంటారు) వాటిని ఒప్పుకోరు. పెద్దదానా, నీకు అంత ఆసక్తి ఉంటే ముందు పింగియుడి మాటలు, కపిలుడి మాటలు పక్కపక్కన పెట్టుకుని చదువు. ఎక్కడ ఆగిపోయావో నాకు రాయి.

మీ అమ్మమ్మ