మడమ వెనక 'నరం' నొప్పికి పీఆర్పీ ఇంజెక్షన్: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నెలకి ఒక్కసారైనా గుంటూరు నుంచో హైదరాబాద్ నుంచో ఎవరో ఒకరు వాట్సాప్‌లో మడమ ఫొటో పెట్టి "పీఆర్పీ చేయించుకోమంటున్నారు, మంచిదేనా?" అని అడుగుతుంటారు. పీఆర్పీ అంటే ప్లేట్‌లెట్-రిచ్ ప్లాస్మా, మన రక్తం నుంచే తయారుచేసి ఎక్కించే ఇంజెక్షన్. విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

అపోహ: అది నరం, వాచింది, రెస్ట్ ఇస్తే తగ్గుతుంది.

మనం నరం అంటాం గానీ అది అకిలిస్ టెండన్, పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు. మూడు నెలలు దాటినా సతాయిస్తోందంటే, పొద్దున్నే మంచం దిగగానే మొదటి నాలుగడుగులు కుంటుతున్నారంటే, చాలావరకు ఆ తాడు లోపలి పోగుల అల్లిక చెదిరిందని అర్థం. పూర్తిగా కదలకుండా కూర్చుంటే పిక్క బలం కూడా పోతుంది, మళ్ళీ నడక మొదలెట్టగానే నొప్పి హాజరు.

అపోహ: పీఆర్పీ ఎక్కిస్తే టెండన్ కొత్తగా పుడుతుంది.

మన రక్తమే కాస్త తీసి, మెషీన్‌లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి నొప్పి ఉన్నచోట ఎక్కిస్తారు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే మనవాళ్ళకి కొత్త కాదు, బొప్పాయాకు రసం దాకా వెళ్ళినవాళ్ళం. గాయం మానడానికి పనికొచ్చే ప్రొటీన్లని అవి వదులుతాయి కాబట్టి ఆలోచన బాగానే ఉంది. కానీ టెండన్ మొండిది. అప్పట్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ మనుషుల ఒంట్లోకీ చేరింది కదా, దాని ఆనవాళ్ళు పట్టుకుని 2013లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు అకిలిస్ టెండన్ వయసు లెక్కగట్టారు. పదిహేడేళ్ళు వచ్చేసరికే దాని నడిమి భాగం తయారైపోతుందట, ఆ తర్వాత కొత్తగా చేరేది దాదాపు ఏమీ లేదు. అలాంటిదాన్ని యాభై ఏళ్ళప్పుడు ఒక సూదితో మళ్ళీ పుట్టిస్తామంటే రుజువు అడగాల్సిందే.

అపోహ: మా బావకి తగ్గింది, ఇంకేం రుజువు కావాలి?

తగ్గే ఉంటుంది. నొప్పి భరించలేనంతగా ఉన్నప్పుడే కదా ఎవరైనా సూదికి ఒప్పుకునేది, ఆ స్థితి నుంచి ఏమీ చెయ్యకపోయినా చాలామందికి కొంత దిగుతుంది, పైగా సూది పడ్డాక కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉంటారు, వ్యాయామమూ చేస్తారు, బోలెడు డబ్బు పెట్టామన్న నమ్మకం ఒకటి, ఇందులో పీఆర్పీ వాటా ఎంతో బావ కాలిని చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే పీఆర్పీ లేని ఉత్తుత్తి సూదితో పోల్చి చూస్తారు.

2010లో నెదర్లాండ్స్‌లో 54 మందిని తీసుకుని సగం మందికి పీఆర్పీ, సగం మందికి ఉప్పునీరు ఎక్కించారు, వ్యాయామం మాత్రం అందరితోనూ చేయించారు. నొప్పికీ కాలి పనితీరుకీ కలిపి వందకి మార్కులు వేసే పద్ధతి ఒకటుంది. ఆరు నెలలకి పీఆర్పీ వాళ్ళకి సగటున 21.7 మార్కులు పెరిగాయి, ఉప్పునీటి వాళ్ళకి 20.5. 2021లో ఇక్కడ బ్రిటన్‌లో 240 మందితో ఇంకా పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. రక్తం అందరి దగ్గరా తీశారు. కొందరికి మాత్రం సూది చర్మం కిందే ఆపేశారు, టెండన్ దాకా పోనివ్వలేదు. ఆరు నెలల తర్వాత పీఆర్పీ వాళ్ళ మార్కులు సగటున 54.4, ఉత్తుత్తి సూది వాళ్ళవి 53.4. ఏమంత తేడా?

2017లో డెన్మార్క్‌లో 60 మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో, వ్యాయామంతో పాటు నాలుగు పీఆర్పీ ఇంజెక్షన్లు ఇస్తే కొంత మేలు కనిపించిన మాట కూడా నిజమే, దాచడం ఎందుకు. అయినా నేను ఆ 240 మంది లెక్క వైపే మొగ్గుతాను.

అపోహ: ఉత్తుత్తి సూది గుచ్చడం మోసం.

చెప్పకుండా గుచ్చితే మోసమే. ఇలాంటి పరీక్షల్లో ముందే చెప్పి సంతకం తీసుకుంటారు, ఎవరికి ఏది పడుతుందో చీటీ తీసినట్టు తేలుస్తారు.

అపోహ: మన రక్తమే కదా, పోయేదేముంది?

డబ్బు పోతుంది. సూది పడ్డాక కొన్ని రోజులు నొప్పి పెరగొచ్చు కూడా.

అపోహ: వ్యాయామం పాత పద్ధతి.

పాతదే. 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 15 మందిని మెట్టు అంచున నిలబెట్టి మడమని మెల్లగా కిందికి దించే వ్యాయామం చేయించింది, రోజుకి 180 సార్లు, 12 వారాలు. అందరూ మళ్ళీ పరుగు మొదలెట్టారు. న్యాయంగా చెప్పాలంటే ఆ పరీక్షలో పోల్చి చూడటానికి ఉత్తుత్తి చికిత్స గుంపు లేదు. కాకపోతే దీనికి మెట్టు చాలు, ఖర్చు లేదు, ఆ తర్వాత వచ్చిన బరువుల పద్ధతులతోనూ ఫలితం ఇంచుమించు అలాగే ఉంది. చేసేటప్పుడు కొంచెం నొప్పి వస్తే కంగారు పడక్కర్లేదు. వారం రోజులు చేసి "తగ్గలేదండీ" అని మెసేజ్ మాత్రం పెట్టకండి, మూడు నెలలు పడుతుంది.

అపోహ: పీఆర్పీ సరే, స్టెమ్‌సెల్స్ అయితే గ్యారంటీ.

లండన్‌లో ఎముక మజ్జ నుంచి తీసిన స్టెమ్‌సెల్స్‌తో, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలతో, ఈ టెండన్ మీదే ఒక పరీక్ష పెట్టారు, తీసుకున్నది 10 మందిని, ముందుగా చూడాలనుకున్నది సురక్షితమా కాదా అని. గ్యారంటీ మాట చాలా దూరం. మన దేశంలోనైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి నొప్పులకి స్టెమ్‌సెల్స్ క్లినికల్ ట్రయల్‌లో తప్ప బయట ఇవ్వకూడదు. ఎవరైనా ఇస్తామంటే సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నంబరు చెప్పకుండా ప్యాకేజీ రేటు చెప్పడం మొదలెడితే లేచి వచ్చెయ్యండి.