రాజ్యాంగంతో, ఎన్నికల వార్తలతో ఇంగ్లీషు నేర్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో డిగ్రీ పిల్లలకి, పోటీ పరీక్షలకి చదువుకునేవాళ్ళకి నేను ఇంగ్లీషు చెబుతాను. గజపతినగరం, చీపురుపల్లి, నెల్లిమర్ల నుంచి వస్తారు. పొందూరు నుంచి రైల్లో వచ్చేవాళ్ళూ ఉన్నారు. నా క్లాసులో గ్రామర్ పుస్తకం కంటే రాజ్యాంగం, ఎన్నికల నోటిఫికేషన్లు, అసెంబ్లీ వార్తలే ఎక్కువగా చేతులు మారతాయి. దీనిమీద తల్లిదండ్రులకీ, తోటి మాస్టార్లకీ ఉన్న అనుమానాలు చాలాకాలంగా వింటున్నాను. వాటికి ఒక్కచోట జవాబు రాస్తే పిల్లలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు గ్రామర్ అంతా పూర్తిచేయాలి, ఆ తర్వాతే ఇలాంటివి ముట్టుకోవాలి

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది టెన్సుల పట్టికని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. హైస్కూల్లో ఏటా అదే పట్టిక రాశారు మరి. ఒక పేరా చేతికిచ్చి "ఇందులో ఎవరు ఏం చేశారు?" అని అడిగితే మాత్రం ఆగిపోతారు. గ్రామర్ "పూర్తయ్యే" రోజు ఎవరికీ రాదు. చదువుతూ ఉంటేనే అది పట్టుబడుతుంది.

అందుకే మొదట్లోనే రాజ్యాంగ పీఠిక ఇస్తాను. అదంతా ఒకే వాక్యం. కర్త మొదట్లోనే ఉంది: "వీ, ద పీపుల్ ఆఫ్ ఇండియా". క్రియ ఎక్కడ అంటే అందరూ ముందు "రిజాల్వ్డ్" మీద వేలు పెడతారు. కానీ అక్కడున్నది "హావింగ్ సాలెమ్లీ రిజాల్వ్డ్". మన "నిర్ణయించుకుని" లాంటి అసమాపక క్రియ అది, దాంతో వాక్యం ముగియదు. అసలు క్రియ న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ దాటాక వస్తుంది: "డూ హియర్‌బై అడాప్ట్, ఎనాక్ట్ అండ్ గివ్ టు అవర్‌సెల్వ్స్". చివరిదాకా క్రియ కోసం ఆగడం తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు. పీఠిక దగ్గర మన పిల్లలు భయపడాల్సిన పని లేదు. పార్టిసిపుల్ అంటే ఏమిటో ఈ ఒక్క వాక్యంతో అర్థమైనంతగా పది నిర్వచనాలతో కాదు.

అపోహ: ప్రభుత్వం, రాజకీయాల ఇంగ్లీషు పల్లెటూరి పిల్లలకి అందదు

పంచాయతీ ఎన్నికలు చూసిన ఏ పల్లెలోనైనా అడగండి. నామినేషన్, స్క్రూటినీ, విత్‌డ్రా, సింబల్, బూత్, ఏజెంటు, రీకౌంటింగ్ అనే మాటలు బడి ముఖం చూడని అవ్వకి కూడా తెలుసు. అసెంబ్లీకి పోటీ చేయాలంటే 10,000 రూపాయలు, లోక్‌సభకి 25,000 డిపాజిట్ కట్టాలని, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోతుందని టీ కొట్టు దగ్గరే వింటాం. విషయం తెలిసినప్పుడు భాష ఒక్కటే కొత్త. కొత్త విషయాన్ని కొత్త భాషలో నేర్చుకోవడం కంటే ఇది ఎంతో తేలిక.

ఒక జాగ్రత్త మాత్రం కావాలి. మన నోట్లో తిరిగే ఇంగ్లీషు మాట చదివే వాక్యంలో ఇంకో పని చేస్తూ ఉండొచ్చు. "ఐదు వేల మెజారిటీతో గెలిచాడు" అంటాం. ఆ తేడాని ఇక్కడి ఇంగ్లీషు పత్రికలు ఎక్కువగా "మార్జిన్" అని రాస్తాయి. "మెజారిటీ" అంటే సగం కంటే ఎక్కువ అనే అర్థం కూడా ఉంది. ముగ్గురు పోటీపడి, 40 శాతం ఓట్లతో ఒకరు గెలిస్తే "విన్నర్ డిడ్ నాట్ గెట్ ఎ మెజారిటీ" అని రాయొచ్చు. "అదేటి మాస్టారూ, గెలిచాడు కదా!" అంటారు పిల్లలు. ఆ ప్రశ్న వచ్చిందంటే వాక్యాన్ని నిజంగా చదివారన్నమాట.

అపోహ: "షల్" అనేది "ఐ", "వీ" పక్కనే వాడాలి, మిగతా అందరికీ "విల్"

ఈ సూత్రం బడిలో అందరం నేర్చుకున్నాం. రాజ్యాంగం తెరిస్తే మొదటి పేజీల్లోనే అది నిలబడదు. 21వ అధికరణ చూడండి: "నో పర్సన్ షల్ బి డిప్రైవ్డ్ ఆఫ్ హిజ్ లైఫ్ ఆర్ పర్సనల్ లిబర్టీ ఎక్సెప్ట్ అకార్డింగ్ టు ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా." ఇక్కడ "షల్" రేపు జరగబోయేదాన్ని చెప్పడం లేదు, ఆజ్ఞ ఇస్తోంది. చట్టాల భాషలో "షల్" అంటే చేసి తీరాలి. "మే" అంటే చేసే అధికారం ఉంది, చేయకపోవచ్చు కూడా. వాతావరణ వార్తలోని "మే" వేరు, అది వాన పడొచ్చు అనే ఊహ మాత్రమే.

ఈ రెండు చిన్న మాటల మీద ఎంత బరువుంటుందో 74వ అధికరణ చెబుతుంది. రాష్ట్రపతికి సాయపడి, సలహా ఇవ్వడానికి ప్రధాని నాయకత్వంలో మంత్రిమండలి ఉండాలని మొదట రాశారు. ఆ సలహాని రాష్ట్రపతి పాటించి తీరాలా అనేది ఆ మాటల్లో లేదు. 1976లో 42వ సవరణ "షల్ యాక్ట్ ఇన్ అకార్డెన్స్ విత్ సచ్ అడ్వైజ్" అనే అర్థం వచ్చేలా మార్చింది. 1978లో 44వ సవరణ ఇంకో వాక్యం కలిపింది. దాని ప్రకారం రాష్ట్రపతి ఆ సలహాని ఒకసారి మళ్ళీ ఆలోచించమని పంపవచ్చు, అక్కడ "మే" ఉంది. మళ్ళీ అదే సలహా వస్తే పాటించాల్సిందే, అక్కడ "షల్" ఉంది. ఒకే వాక్యంలో రెండూ పక్కపక్కన ఉన్నాయి. మోడల్ వెర్బుల (షల్, మే లాంటి సహాయక క్రియల) పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పంచాయతీల భాగం మనవాళ్ళకి ఇంకా దగ్గరిది. 1992లో చేసిన 73వ సవరణతో వచ్చి, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. 243-ఎ లో గ్రామసభ "మే ఎక్సర్‌సైజ్ సచ్ పవర్స్" అని ఉంది. ఏ అధికారాలు? రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఇచ్చేవి, అక్కడ కూడా "మే". రెండు "మే"లు చూశాక గ్రామసభ చేతిలో ఏముందో, ఏం లేదో పిల్లలే చెప్పేస్తారు. 243-ఇ లో పంచాయతీ గడువు ఐదేళ్ళు, "అండ్ నో లాంగర్". ఆ గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలని "షల్" పెట్టి రాశారు. మన రాష్ట్రంలో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన పిల్లలకి గుర్తుంది. "షల్ అని రాసినా ఆగిందేం మాస్టారూ?" అని అడుగుతారు. గ్రామర్ క్లాసులో పుట్టాల్సిన ప్రశ్న ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకొక్క మాట చెప్పాలి. "షల్" కనిపించిన ప్రతిచోటా కోర్టుకి వెళ్ళొచ్చని అనుకోకూడదు. ప్రభుత్వం ఎలా పాలించాలో చెప్పే ఆదేశిక సూత్రాల్లోనూ "ద స్టేట్ షల్" అనే ఉంటుంది. వాటిని కోర్టు ద్వారా అమలు చేయించలేమని 37వ అధికరణ ముందే చెప్పింది. వాక్యాన్ని దాని చుట్టూ ఉన్న వాక్యాలతో కలిపి చదవాలి.

అపోహ: యాక్టివ్, పాసివ్ మార్చి రాయడం పరీక్షలో మార్కుల కోసమే

"రాముడు రావణుని చంపెను" వాక్యాన్ని తిప్పి రాయించి వదిలేస్తే అంతే మరి. పాసివ్ వాక్యం దగ్గర అసలు అడగాల్సింది, చేసినవాడు ఎక్కడ అని.

17వ అధికరణ అంటరానితనం "ఈజ్ అబాలిష్డ్" అంటుంది. రద్దు చేసింది ఎవరు? పీఠికలోని "వీ, ద పీపుల్". అక్కడ కర్తని మళ్ళీ చెప్పనక్కర్లేదు, మొత్తం రాజ్యాంగమే మాట్లాడుతోంది. ఇప్పుడు అర్జీలకి వచ్చే జవాబుల్లో తరచూ కనిపించే వాక్యం చూడండి: "యువర్ పిటిషన్ హాజ్ బీన్ ఫార్వర్డెడ్ టు ద కన్సర్న్డ్ అథారిటీ." ఎవరు పంపారు? ఏ అధికారికి? ఏ తేదీన? ఆ వాక్యంలో ఒక్కటీ లేదు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి వచ్చిన ఇంటి పిల్లలు నా క్లాసులో ఉంటారు. అందుకే ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి, లేని మూడు సంగతులూ అడుగుతూ మర్యాదగా యాక్టివ్‌లో ఉత్తరం రాయిస్తాను. ఆ ఉత్తరాలు నోటుబుక్కులో ఆగిపోవు.

తెలుగులో యాక్టివ్‌గా చెప్పేవి కొన్ని ఇంగ్లీషులో పాసివ్‌లో వస్తాయి. మంత్రి ప్రమాణ స్వీకారం చేశాడు అంటాం. ఇంగ్లీషులో "వాజ్ స్వోర్న్ ఇన్". "హి స్వోర్న్ యాజ్ మినిస్టర్" అనే తప్పు నేను దిద్దే పేపర్లలో చాలా ఎక్కువ.

అపోహ: రోజుకి ఇరవై మాటలు బట్టీపడితే వొకాబులరీ వచ్చేస్తుంది

జాబితాలో మాట ఒంటరిగా ఉంటుంది, వాక్యంలో ఎప్పుడూ జంటతో ఉంటుంది. ఓటుకి జంట "కాస్ట్", "పుట్" కాదు. నామినేషన్‌కి "ఫైల్", తీర్మానానికి "మూవ్", రాజీనామాకి "టెండర్" లేదా "సబ్‌మిట్". వీటిని జంటలుగానే రాసుకోమంటాను.

దగ్గర దగ్గర అర్థాలున్న మాటల్ని కూడా విషయంతో పాటు నేర్చుకుంటే కలగాపులగం కావు. సభని ఆ పూటకి ఆపితే "ఎడ్జర్న్", అది స్పీకర్ పని. సమావేశాలు ముగిస్తే "ప్రోరోగ్", అది గవర్నర్ చేస్తారు. అసెంబ్లీనే రద్దు చేసి ఎన్నికలకి వెళ్తే "డిజాల్వ్". శాసనమండలికి ఆ మాట కుదరదు, ఎందుకంటే అది శాశ్వత సభ, రెండేళ్ళకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతారు. మండలిని పూర్తిగా తీసేస్తే "అబాలిష్". మన రాష్ట్రంలో 1985లో అలాగే తీసేశారు, 2007లో మళ్ళీ వచ్చింది. ఈ చరిత్ర తెలిసిన కుర్రాడు ఆ రెండు మాటల్నీ తారుమారు చేయడు.

అపోహ: రోజూ ఎడిటోరియల్ చదివితే చాలు

పత్రికలో అన్నిటికంటే కష్టమైన భాగంతో మొదలుపెట్టమనడం పిల్లల్ని హింస పెట్టడమే. ముందు చిన్న వార్తలు చదవాలి. హెడ్‌లైన్లకి వేరే గ్రామర్ ఉందని ముందే తెలియాలి. నిన్న జరిగినదాన్ని ప్రెజెంట్ టెన్స్‌లో రాస్తారు, జరగబోయేదానికి "సీఎం టు విజిట్ శ్రీకాకుళం" అంటారు, "ఈజ్", "వాజ్"లు వదిలేస్తారు. రోజుకో హెడ్‌లైన్‌ని పూర్తి వాక్యంగా మార్చడం మంచి వ్యాయామం. ఎడిటోరియల్‌కి ఆరు నెలలాగినా నష్టం లేదు.

అమెరికా వీడియోలతో మన రాజకీయాల ఇంగ్లీషు వస్తుందనేది కూడా నిజం కాదు. అక్కడ "సెక్రటరీ" మన కేంద్రమంత్రి లాంటివాడు, ఇక్కడ ఐఏఎస్ అధికారి. మన పార్లమెంటులో బిల్లుని "టేబుల్" చేయడమంటే సభ ముందు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం.

అపోహ: క్లాసులో రాజకీయాలు తెస్తే గొడవలే

ఈ భయంలో కొంత నిజముంది. ఒకే బెంచీమీద రెండు పార్టీల ఇళ్ళ పిల్లలు కూర్చుంటారు. అందుకే ఎవరు మంచివాళ్ళు అనే చర్చ నేను పెట్టను, ఎలా రాశారు అనే చర్చ పెడతాను. ఒక నాయకుడు రోడ్డు పని ఇంకా అవలేదన్నాడు అనుకుందాం. ఒక పత్రిక "సెడ్" అని రాస్తే, ఇంకొకటి "అడ్మిటెడ్" అని రాస్తుంది. "సెడ్" ఏ పక్షానికీ చెందదు. "అడ్మిటెడ్" అంటే తప్పు ఒప్పుకున్నాడని. "క్లెయిమ్డ్" అంటే రాసినవాడికి నమ్మకం లేదని. "అలెజ్డ్" అంటే ఆరోపణ ఇంకా రుజువు కాలేదని. డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ పాఠంలో "సెడ్ టు"ని "టోల్డ్"గా మార్చడం దగ్గరే ఆగిపోతే ఇవేవీ తెలియవు. రెండు పత్రికలు పక్కపక్కన పెట్టి ఈ మాటల కింద గీతలు గీయిస్తే రెండు పార్టీల పిల్లలూ కలిసి పనిచేస్తారు.

వేడి తగ్గిన పాత సంగతులు ఇంకా మంచివి. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులుండేవారు. రెండు సీట్లలో ఒకటి షెడ్యూల్డు తెగలకి రిజర్వు, రెండోది ఎవరైనా పోటీ చేయగల జనరల్ సీటు. అప్పుడు ఆ ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలోది. ఆ ఎన్నికలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది వి.వి. గిరి, 1969లో రాష్ట్రపతి అయిన ఆయనే. రిజర్వుడు సీటుకని నామినేషన్ వేసిన డిప్పల సూరి దొర జనరల్ సీటులో గెలిచినట్టు ప్రకటించడం చెల్లదని గిరి వాదన. 1959లో సుప్రీంకోర్టు తీర్పు సూరి దొరకే అనుకూలంగా వచ్చింది. రిజర్వుడు సీటు కోరినంత మాత్రాన జనరల్ సీటుకి అర్హత పోదని చెప్పింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే చట్టం ద్వారా తీసేశారు.

ఆ తీర్పు ఇంగ్లీషు పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సాలూరు, కురుపాం వైపు నుంచి వచ్చే పిల్లలు దాన్ని చదివే తీరే వేరు, తమ ఊళ్ళ కథ కదా. మొదటిసారి చదివేవాళ్ళు కేసు నేపథ్యం చెప్పే పేరాలకే పరిమితం కావాలి. ఎవరు నామినేషన్ వేశారు, ఎవరు గెలిచారు, ఎవరు పిటిషన్ వేశారు అనేవన్నీ పాస్ట్ టెన్స్‌లో వరసగా ఉంటాయి. అవి చదివి, కేసు ఏమిటో ఐదు సొంత వాక్యాల్లో రాయండి. చట్టంలోని సెక్షన్లకి అర్థం చెప్పే వాదనల భాగాన్ని "షల్", "మే" బాగా పట్టుబడ్డాక మొదలుపెట్టొచ్చు.