బారెడు మీద మూరెడు: గ్రీన్‌లాండ్ తెడ్డు కిటుకు

కయాక్ అంటే పైభాగం మూసి ఉండే సన్నటి చిన్న పడవ. గ్రీన్‌లాండ్ కయాక్ తెడ్డును మొదటిసారి చూస్తే, ఎవరో సగం చెక్కి వదిలేశారా అనిపిస్తుంది. రెండు మీటర్లు దాటిన సన్నటి కర్ర, దానికి అటూ ఇటూ బెత్తెడు వెడల్పు రెక్కలు. ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు, అంతే. దుకాణంలో దొరికే మామూలు కయాక్ తెడ్డు రెక్క ఇంతకు రెట్టింపు వెడల్పు ఉంటుంది. అయినా అక్కడి మూలవాసులైన ఇనుయిట్ వేటగాళ్లు మంచుగడ్డల మధ్య సీల్ అనే సముద్ర జంతువుల కోసం గంటల తరబడి తిరిగింది ఇలాంటి తెడ్లతోనే.

అక్కడ కలపనిచ్చే అడవులు లేవు. సైబీరియా నదులు ఆర్కిటిక్ సముద్రంలోకి తోసిన దుంగలు మంచుతోపాటు కొట్టుకొస్తే వాటినే చెక్కుకునేవారు. చెక్కకు కరువు కాబట్టే రెక్కను సన్నగా చేశారని ఒక మాట ఉంది. నాకది పూర్తి సమాధానంలా అనిపించదు. రెక్క వెడల్పు తగ్గినా పొడవు ఎనభై సెంటీమీటర్ల పైమాటే. రెండూ గుణిస్తే విస్తీర్ణంలో ఇది మామూలు తెడ్డుకేమీ తీసిపోదు. కిటుకంతా దాన్ని వేసే తీరులో ఉంది.

కొలతకు టేపు అక్కర్లేదు. వాడే మనిషి బార ఒకటి, దానిమీద మూర ఒకటి: అదే పొడవు. రెక్క వెడల్పు చేతి పట్టులో ఇమిడేంత. బొటనవేలు, చూపుడువేలు కాడను చుట్టుకుంటే మిగతా మూడు వేళ్లు రెక్క మొదలు మీద వాలతాయి. మణికట్టు బిగించకుండా అలా వదిలేస్తే రెక్క పై అంచు పడవ ముక్కు వైపు కాస్త వాలుతుంది. ఈ వాలే ప్రాణం.

రెక్క నిటారుగా ఉంటే ఏమవుతుంది? వెనక్కి లాగుతుంటే దాని అంచుల దగ్గర సుడులు పుడతాయి. పై అంచున ఒకటి, కింది అంచున ఒకటి, వంతులవారీగా విడిపోతుంటే తెడ్డు చేతిలో గిలగిలా కొట్టుకుంటుంది. కొత్తవాళ్లు దాన్ని ఆపాలని మరింత గట్టిగా పట్టుకుని చేతులు నొప్పి పుట్టించుకుంటారు. వాల్చిన రెక్క అయితే నీటిని వెనక్కీ, కొంచెం పైకీ తోస్తుంది. ప్రతిచర్యగా తెడ్డు మీద బలం ముందుకూ, కిందికీ పడుతుంది. కింది అంచు దారి చూపిస్తే తెడ్డు తనంతట తానే నీళ్లను కోసుకుంటూ దిగుతుంది. కొట్టుకోవడం ఆగిపోతుంది.

అలా కోసుకుపోవడంలో ఇంకో లాభముంది. బురదలో ఒకేచోట తొక్కితే కాలు దిగబడిపోతుంది, చోటు మారుస్తుంటే ఎంతో కొంత ఆనుతుంది. తెడ్డుకూ అంతే: ఒకసారి కదిలిన నీరు జారుతుంది, కదలని నీరు పట్టు ఇస్తుంది. దీని వెనకున్న లెక్క హైస్కూలుదే. పడవకు అందే తోపు వెనక్కి వెళ్లే నీటి ద్రవ్యరాశి, వేగాల లబ్ధాన్ని బట్టి ఉంటుంది. మనకు ఖర్చయ్యే శక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు నీటిని సగం వేగంతో తోస్తే తోపు అంతే ఉంటుంది, నీటికి ధారపోసే శక్తి సగమవుతుంది.

ఇక తెడ్డు వేయడం. రెక్క పాదాల దగ్గర చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగాలి, మొదలుదాకా మునగాలి, తుంటి దగ్గరికొచ్చేసరికి అంచువాటున బయటికి రావాలి. బుడబుడమని శబ్దం వచ్చిందంటే రెక్క వెనక గాలి చొరబడ్డట్టే. గాలి దూరితే పట్టు సడలుతుంది, పక్కనున్న సీల్ పారిపోతుంది కూడా. గ్రీన్‌లాండ్ కయాక్ పైకప్పు బాగా తక్కువ ఎత్తు కాబట్టి చేతులూ కిందే ఉంటాయి. పై చెయ్యి భుజం దాటి లేవదు. బలమంతా నడుము తిప్పడంలోంచి, పై చేతిని ముందుకూ కిందికీ నొక్కేటప్పుడు బిగిసే పొట్ట కండరాల్లోంచి రావాలి. మోచేతులు ముడిచి లాగేవాళ్లు త్వరగా అలసిపోతారు.

నిలిచి ఉన్న పడవను ఒక్క ఊపున ఉరికించడం ఈ తెడ్డుకు అంతగా చేతకాదు. మొదటి రెండు మూడు తోపుల్లో నీరు జారుతుంది. ఒలింపిక్ పందేల్లో వాడే వింగ్ తెడ్డు వేరే రకం. 1980లలో స్వీడన్‌లో పుట్టింది. దాని రెక్క వంపు తిరిగి, చెంచాలా లోతుగా ఉంటుంది. దాన్ని తిన్నగా వెనక్కి లాగరు. పడవ నుంచి పక్కకు జరుపుతూ కోస్తారు.