పొడుగు సైన్సు పదాలు పలకడం: అపోహలు - వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీలో నర్సింగ్, ఫార్మసీ, ఎమ్మెస్సీ పిల్లలకు ఇంగ్లీషు ఉచ్చారణ చెప్తాను. సబ్జెక్టు మీద మంచి పట్టున్న పిల్లలు కూడా సెమినార్లో పొడుగాటి పదం రాగానే గొంతు తగ్గించేస్తారు, అది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఆ టెన్షన్ అనవసరం.

అపోహ: ప్రతి అక్షరం సమానంగా, స్పష్టంగా పలికితే చాలు.
తెలుగులో చాలు. ఇంగ్లీషులో మాత్రం ఒక సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) మీద బరువు, అంటే స్ట్రెస్, పడాలి, చుట్టూ ఉన్న అచ్చులు నలగాలి. ఫోటోగ్రాఫ్‌లో బరువు 'ఫో' మీద. ఫోటోగ్రఫీకి వచ్చేసరికి అది రెండో సిలబుల్‌కి జరిగి, మొదటి 'ఫో' నలిగి 'ఫ' అవుతుంది: ఫ-టా-గ్ర-ఫీ. ఫోటోగ్రాఫిక్‌లో 'గ్రా' మీదకి పోతుంది.

అపోహ: స్ట్రెస్ అంటే మన ఛందస్సులో గురువే.
కాదు. గురులఘువులు కాలం లెక్క, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. స్ట్రెస్‌లో ఊపిరి బలం, స్వరం ఎత్తు కూడా ఉంటాయి. అయినా ఒక సంగతి చూడండి: బయాలజీ, జువాలజీ, సైకాలజీ అని రాసేటప్పుడు స్ట్రెస్ పడే చోటే మనం దీర్ఘం పెట్టాం. థర్మామీటర్‌లో 'మా' కూడా సరైనదే, పక్కనే 'మీ' అని ఇంకో దీర్ఘం లాగడమే తప్పు. థర్-మా-మి-టర్ అనండి.

అపోహ: ఒక్కో పదం స్ట్రెస్ విడిగా బట్టీ పట్టాలి.
పదం తోక చూడండి. 'ఆలజీ', 'ఆగ్రఫీ'తో ముగిస్తే చివరి నుంచి మూడో సిలబుల్. 'ఇక్' వస్తే దాని ముందుది, అరిథ్మెటిక్, ఆర్సెనిక్ లాంటివి కొన్ని తప్పించుకుంటాయి. 'ఓసిస్', 'ఐటిస్' అయితే బరువు ఆ తోకలోని మొదటి అచ్చుదే: ట్యుబర్క్యులోసిస్‌లో 'లో', అపెండిసైటిస్‌లో 'సై'.

అపోహ: అర్థాన్ని బట్టి విడగొడితే సిలబుల్స్ వస్తాయి.
హెలికాప్టర్ గ్రీకు మాటల్లో 'హెలికో' (మెలిక), 'ప్టర్' (రెక్క). నాలుక మాత్రం హె-లి-కాప్-టర్ అనే విరుస్తుంది.

ఇక ఎలక్ట్రోఎన్‌సెఫలాగ్రఫీ, అంటే మెదడులోని విద్యుత్ సంకేతాల్ని నమోదు చేసే పరీక్ష. తొమ్మిది సిలబుల్స్, ముందు నుంచి మొదలుపెడితే మధ్యలో ఊపిరి తెగుతుంది. తోక నుంచి కట్టుకుంటూ రండి: గ్రఫీ, లాగ్రఫీ, ఫలాగ్రఫీ, సెఫలాగ్రఫీ, ఎన్‌సెఫలాగ్రఫీ. ఎంత పెరిగినా బరువు 'లా' మీదే ఉంచండి. పుత్తూరు నుంచి వచ్చే ఒకమ్మాయి రెండ్రోజులు బస్సులో ఇదే సాధన చేసి, మూడో రోజు క్లాసులో ఎక్కడా తడబడకుండా చెప్పేసింది.