సింహం తోకలో నేను: సింహ నృత్యం గురించి అపోహలు, వాస్తవాలు

మా తాతలు కొబ్బరి తోటల్లో పనికని మలేసియాలోని బగాన్ దాతోకు వచ్చిన తెలుగువాళ్లు. నేను సింహ నృత్య బృందంలో తోక మనిషిని: ఇద్దరు దూరి ఆడించే చైనీస్ గుడ్డ సింహంలో వెనక భాగం నాది. చైనీస్ కొత్త సంవత్సరం పదిహేను రోజులూ మాకు తీరిక ఉండదు. ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు ఏటా అవే మాటలు అంటారు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: అది డ్రాగన్ ఆట.
కర్రలు పట్టుకుని పరుగెత్తే మనుషులు కనిపిస్తే డ్రాగన్. లోపల ఇద్దరు దాక్కుంటే సింహం.

అపోహ: చైనీయులే ఆడాలి.
మా బృందంలో మలయ్‌లు, తమిళులు కూడా ఉన్నారు. స్తంభాల మీద ఆడే సింహ నృత్యాన్ని మలేసియా 2007లో జాతీయ వారసత్వంగా గుర్తించింది.

అపోహ: కష్టమంతా తల ఆడించేవాడిదే, వెనకవాడు వంగి నడిస్తే చాలు.
ఈ మాట నా నడుముకు చెప్పి చూడండి! తలవాడి నడుము పట్టీని రెండు చేతులతో పట్టుకుని వంగే ఉంటాను. గుడ్డ కింద నాకు కనిపించేవి అతని మడమలు, జానెడు నేల. సింహం నిలువునా లేవాలంటే అతను ఎగిరిన క్షణంలోనే నేను పైకెత్తాలి, అతని పాదాలు నా తొడల మీద ఆనాలి. తొందరపడితే అతనికి పట్టు దొరకదు, ఆలస్యమైతే ఇద్దరం కింద. ఇక ఇనుప స్తంభాల మీద ఆట మరో లోకం. మలేసియాలోనే ఉన్న జెంటింగ్ కొండ మీద 1994 నుంచి జరుగుతున్న ప్రపంచ పోటీలు దానికి పేరు. అక్కడ అడుగు పెట్టడానికి ఉండేది అన్నం కంచం కంటే కాస్త పెద్ద పలక. అతను చూసి దూకుతాడు, నేను అతని నడుము కదలికను నమ్మి దూకుతాను.

అపోహ: చైనా అడవుల్లో సింహాలు ఉండేవి కాబట్టే ఈ ఆట.
చైనా సింహాల దేశం కాదు. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలంలో అవి పడమటి దేశాల నుంచి కానుకలుగా వచ్చాయి. మా సింహానికి నుదుట కొమ్ము, అద్దం ఎందుకున్నాయని అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: చూడని జంతువుకు ఊహించి ఇచ్చిన రూపం ఇది. అద్దంలో తన రూపం చూసుకుని దయ్యం జడుసుకుంటుందట.

అపోహ: సింహం ఆకులు నమలడం నవ్వించడానికే.
ఆ ఆకుకూర లెట్యూస్. దాన్ని దక్షిణ చైనా భాష కాంటోనీస్‌లో ‘సాంగ్ చోయ్’ అంటారు. సంపద కలగడమనే మాట కూడా దాదాపు అలాగే వినిపిస్తుంది. అందుకే దుకాణం గుమ్మానికి ఆకుల కట్ట, దానికి డబ్బు పెట్టిన ఎర్ర కవరు కడతారు. తలవాడు లోపల చేత్తో తుంచి నోట్లోంచి విసురుతాడు. మీద పడితే దులుపుకోకండి, శుభం. లోపల రాలినవి మాత్రం నా కాళ్ల కిందే.

అపోహ: డోలు వట్టి హోరు.
వాయించేవాడి కన్ను సింహం మీదే ఉంటుంది. ఒకసారి ఒక నగల దుకాణం ముందు ఆ ఆకు ముక్కల మీదే నా కాలు జారి సింహం వెనక భాగం చతికిలబడింది. మా డోలు పెద్దాయన తొణక్కుండా డోలు అంచు మీద మెల్లగా గీకడం మొదలుపెట్టాడు. అది సింహం కునుకు తీసే ఘట్టం. తలవాడు అందుకుని రెప్పలు వాల్చాడు, చెవులు ఆడించాడు. జనం చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది ఆ దుకాణదారు మళ్లీ పిలిచాడు, సింహం నిద్రపోయే భాగం తప్పకుండా ఉండాలన్నాడు.