కార్యాలయాల్లో లాటినో వారసత్వ మాసం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ (లేదా లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారి) వారసత్వ మాసం జరుగుతుంది. టెక్సస్‌లో కార్యాలయాలతో పాటు పెద్ద గోదాములు కూడా ఉన్న సంస్థల్లో, మానవ వనరుల విభాగం తరఫున ఈ మాసపు కార్యక్రమాలను రూపొందించి జరిపించడం నా ఉద్యోగంలో భాగం. 2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు 6.21 కోట్ల మంది, అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. టెక్సస్‌లోనైతే పదిమందిలో దాదాపు నలుగురు. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ పరిసరాల్లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో చాలామంది వీరితో కలిసే పనిచేస్తున్నారు. అయినా ఈ మాసం గురించి మనవాళ్ళలోనూ, అంతకంటే ఎక్కువగా దీన్ని నిర్వహించే అధికారుల్లోనూ అపోహలు బలంగా ఉన్నాయి. వాటివల్ల ఎవరు నష్టపోతున్నారో రోజూ చూస్తున్నాను కాబట్టి ముఖ్యమైనవాటిని వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఇది మెక్సికో వారి పండుగ. టాకోలు, సంగీతం, రంగు కాగితాల తోరణాలు ఉంటే సరిపోతుంది.

ఇది పండుగ కాదు, ఒక దేశానికి చెందినదీ కాదు. లాస్ ఏంజెలెస్ నుంచి ఎన్నికైన ప్రతినిధి ఎడ్వర్డ్ రాయ్‌బల్ చొరవతో 1968లో చట్టసభ చేసిన తీర్మానంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేయగా ఇది వారోత్సవంగా మొదలైంది. 1988లో రోనాల్డ్ రీగన్ హయాంలో నెల రోజులకు పెరిగింది. ఒకటో తేదీన కాకుండా నెల మధ్యలో మొదలవడానికి కారణం ఉంది. కోస్టారికా, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురస్, నికరాగువా దేశాలు 1821లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది సెప్టెంబరు 15న. మెక్సికో స్వాతంత్ర్య దినం 16న, చిలీది 18న వస్తాయి. చాలా కార్యాలయాల్లో మెక్సికో స్వాతంత్ర్య దినమనుకుని ఘనంగా జరిపే మే 5, నిజానికి 1862లో ప్యూబ్లా దగ్గర ఫ్రెంచి సేనను మెక్సికో సైన్యం ఓడించిన రోజు.

ఇక మనుషుల సంగతి. అమెరికాలోని లాటినోల్లో మెక్సికో మూలాలున్నవారే అత్యధికులన్నది నిజమే గానీ, మిగిలినవారు లెక్కలోకి రానంత కొద్దిమంది కారు. అమెరికా అధీనంలోని దీవి ప్యూర్టోరికోలో పుట్టినవారు 1917 నుంచీ అమెరికా పౌరులే. వారిని పట్టుకుని వీసా సంగతి అడిగిన మేనేజర్లను నేను చూశాను. న్యూ మెక్సికోలోని కొన్ని కుటుంబాలు ఎక్కడికీ వలస వెళ్ళలేదు. మెక్సికోతో యుద్ధం ముగిసి 1848లో ఒప్పందం కుదిరినప్పుడు వారున్న నేల అమెరికా చేతికి వచ్చింది. బ్రెజిల్ వారి భాష పోర్చుగీసు. గ్వాటెమాలా నుంచీ, మెక్సికోలోని వహాకా రాష్ట్రం నుంచీ వచ్చిన కార్మికుల్లో కిచే, మిశ్‌టెక్ వంటి ఆదివాసీ భాషలు మాట్లాడేవారున్నారు. వారిలో చాలామందికి స్పానిష్ కూడా నేర్చుకున్న భాషే. అందువల్ల స్పానిష్‌లో ఒక పోస్టరు వేసి అందరినీ కలుపుకున్నామనుకోవడం తొందరపాటు. భారతీయ భోజనమని చెప్పి సమోసా, బటర్ చికెన్ మాత్రమే పెడితే గోంగూర పచ్చడి తిని పెరిగినవారికి ఎలా ఉంటుందో, ప్రతి ఏడూ టాకోలతోనే సరిపెడితే డొమినికన్, కొలంబియన్ ఉద్యోగులకు అలాగే ఉంటుంది.

వంటల మీద, సంగీతం మీద నాకు అభ్యంతరమేమీ లేదు; అవి లేని కార్యక్రమం నీరసంగానే ఉంటుంది. అయితే ఫొటోల కోసం ఒక మూల పెద్ద అంచుల టోపీలు, కర్రకు అతికించిన కాగితపు మీసాలు పెట్టే అలవాటును మాత్రం ఇప్పటికిప్పుడు మానుకోవాలి. ఒక జాతిని వేషంగా మార్చి, ఆ జాతి మనుషుల ఎదుటే దాన్ని ధరించి నవ్వుకోవడం వారిని గౌరవించడం ఎన్నటికీ కాదు.

అపోహ: హాలు నిండితే కార్యక్రమం విజయవంతమైనట్టే.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే. కార్యక్రమం మధ్యాహ్నం పన్నెండు గంటలకు కార్యాలయ భవనంలో ఉంటుంది. నెలజీతం తీసుకునే ఇంజనీర్లు, అకౌంటెంట్లు, మేనేజర్లు లిఫ్టు దిగి వస్తారు, భోంచేస్తారు, ఫొటోలు దిగుతారు. గంటల లెక్కన కూలి తీసుకునే గోదాము కార్మికుల్లో లాటినోలే ఎక్కువ ఉన్నా, వారిలో ఒక్కరూ ఆ హాల్లో కనబడరు. వారిని రావద్దని ఎవరూ అనరు. రావాలంటే మాత్రం టైమ్ క్లాక్ దగ్గర పంచ్ అవుట్ చేసి, అంటే పని ఆపినట్టు నమోదు చేసి రావాలి. తమ పేరుతో జరిగే వేడుకను చూడటానికి గంట కూలి వదులుకోమంటే ఎవరు వస్తారు? అమెరికా కార్మిక చట్టం ప్రకారం, పని వేళల్లో జరిగే సమావేశానికి హాజరైన సమయాన్ని పనిగానే లెక్కించాలి. లెక్క నుంచి మినహాయించాలంటే ఆ సమావేశం పని వేళల బయట ఉండాలి, హాజరు పూర్తిగా ఐచ్ఛికం కావాలి, ఉద్యోగానికి సంబంధం లేనిది కావాలి, ఆ సమయంలో మరే పనీ చేయకూడదు. ఈ నాలుగు షరతులూ తెలిసిన మేనేజర్లు తక్కువ. అందుకే ఏ కార్యక్రమానికైనా నేను ముందుగా కూర్చుని మాట్లాడేది వంటవారితో కాదు, జీతాల లెక్కలు చూసే పేరోల్ వారితో. హాజరైన గంటకు ఏ కోడ్ కింద కూలి పడుతుందో రాతపూర్వకంగా తేలాకే ఆహ్వానం బయటికి వెళ్ళాలి.

రాత్రి షిఫ్టు వారి విషయంలో ఇది మరింత ముఖ్యం. పగటి కార్యక్రమంలో మిగిలిన కేకు ముక్కలను రాత్రి పదింటికి విశ్రాంతి గదిలో పెట్టి వెళ్ళడం చాలాచోట్ల ఆనవాయితీ. దానివల్ల గౌరవం పెరగకపోగా, తమ స్థానం ఏమిటో వారికి మరోసారి గుర్తుచేసినట్టవుతుంది. రెండు షిఫ్టులకూ రెండు కార్యక్రమాలు జరపడానికి బడ్జెట్ చాలకపోతే ఖర్చు తగ్గించి రెండూ జరపాలి తప్ప, ఒకటి ఘనంగా జరిపి రెండోది ఎత్తివేయకూడదని నా దృఢమైన అభిప్రాయం.

ఇక ఆ హాలును తుడిచే మనుషులు. వారు తరచూ సంస్థ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు కంపెనీ సిబ్బంది. వారిని పిలిస్తే యజమాని బాధ్యతలు తమ మెడకు చుట్టుకుంటాయేమోనని న్యాయ విభాగం వెనకాడుతుంది. ఆ జంకు అర్థం చేసుకోదగినదే. కానీ కాంట్రాక్టు కంపెనీకి ముందుగానే లేఖ రాసి, ఆ గంటకు సిబ్బంది కూలిని బిల్లులో చేర్చుకోమని అడిగి, వారి సూపర్‌వైజర్ ద్వారానే పిలిపించే మార్గం ఉంది. వేదిక మీద లాటినోల శ్రమను పొగుడుతుండగా, అదే సమయంలో ఒక లాటినా మహిళ గోడ పక్కన చెత్త సంచి పట్టుకుని భోజనాలు ముగిసేదాకా నిలబడవలసి రావడం కంటే అవమానకరమైన దృశ్యం నాకు తెలియదు.

అపోహ: లాటినోల కార్యక్రమం కాబట్టి వారే చూసుకోవాలి.

చాలా సంస్థల్లో ఉద్యోగులు ఏర్పాటు చేసుకున్న బృందాలు ఉంటాయి. వీటికి ఆద్యులు 1970 ప్రాంతంలో జిరాక్స్ సంస్థలో సంఘటితమైన నల్లజాతి ఉద్యోగులు. లాటినో ఉద్యోగుల బృందం సలహా ఇవ్వడం వేరు, హాలు బుక్ చేయడం నుంచి కుర్చీలు సర్దడం దాకా అంతా ఆ బృందమే జీతం లేకుండా చేయడం వేరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఈ పనిలో మునిగిపోయినవారికి డిసెంబరు పనితీరు సమీక్షలో అసలు పని తగ్గిందన్న మాట ఎదురవుతుంది. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో నమోదు చేయాలి, సమీక్షలో దాన్ని సంస్థ నాయకత్వానికి చేసిన పనిగా రాయాలి, బయటి వక్తలకూ కళాకారులకూ పారితోషికం ఇవ్వాలి. ప్రచారం వస్తుందన్న మాట చెప్పి కళాకారులను ఉచితంగా పిలవడాన్ని నేను ఒప్పుకోను.

అపోహ: చరిత్ర, హక్కులు, జీతాల గురించి మాట్లాడితే వేడుక వాతావరణం చెడుతుంది.

నిజానికి ఆ చరిత్ర వింటున్నప్పుడే హాల్లో నిజమైన శ్రద్ధ కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో మెండెజ్ దంపతుల పిల్లలను తెల్లవారి బడిలో చేర్చుకోకుండా మెక్సికన్ పిల్లలకు కేటాయించిన బడికి పొమ్మన్నారు. తండ్రి గొన్సాలో మెక్సికో నుంచి వచ్చినవాడు, తల్లి ఫెలిసితాస్ ప్యూర్టోరికోలో పుట్టినది. వారు సాగు చేస్తున్న పొలం, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం నిర్బంధ శిబిరానికి తరలించిన ఒక జపనీస్ అమెరికన్ కుటుంబానిది. ఆ పొలం మీద వచ్చిన ఆదాయం అండగా, మరో నాలుగు కుటుంబాలతో కలిసి వారు దావా వేశారు. 1946లో గెలిచారు, 1947లో అప్పీలు కోర్టులోనూ గెలిచారు. ఆ అప్పీలులో నల్లజాతి హక్కుల సంఘం తరఫున వారికి మద్దతుగా వాదన సమర్పించినవారిలో తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన థర్గుడ్ మార్షల్ ఉన్నారు. అదే ఏడు కాలిఫోర్నియాలో బడుల్లో వేర్పాటును అనుమతించే చట్టాన్ని రద్దు చేస్తూ గవర్నరు హోదాలో సంతకం చేసిన ఎర్ల్ వారెన్, 1954లో దేశమంతటా బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న తీర్పును ప్రధాన న్యాయమూర్తిగా రాశారు. ఈ కథ చెప్పినప్పుడు ఏ జాతివారికైనా అందులో తమవారు కనబడతారు.

కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల సమ్మె కూడా అలాంటిదే. 1965 సెప్టెంబరు 8న లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో దాన్ని మొదలుపెట్టినవారు ఫిలిపినో కార్మికులు. మెక్సికన్ అమెరికన్ కార్మికులు అదే నెల 16న, అంటే మెక్సికో స్వాతంత్ర్య దినాన, చర్చి హాల్లో సమావేశమై వారితో చేతులు కలిపారు. అయిదేళ్ళు సాగిన ఆ పోరాటంలో యజమానులతో ఒప్పందాల చర్చలు నడిపిన డొలోరెస్ వెర్తా పేరు కార్యాలయ కార్యక్రమాల్లో రావలసినంతగా రాదు. వేదిక మీద ఇలాంటి చరిత్ర వినిపించిన సంస్థ, తన గోదాములో సూపర్‌వైజర్లుగా ఎంతమంది లాటినోలు ఎదిగారో, ఒకే పనికి ఒకే కూలి అందుతోందో లేదో చెప్పడానికి కూడా సిద్ధపడాలి. సమన్యాయం అన్న మాటకు కార్యాలయంలో ఉన్న అర్థం అదే.

అపోహ: ఇప్పుడు ఇలాంటి కార్యక్రమాలు చట్టవిరుద్ధం.

వైవిధ్య కార్యక్రమాలకు వ్యతిరేకంగా 2025 జనవరిలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వుల తర్వాత ఈ ప్రశ్న నాకు అడుగడుగునా ఎదురవుతోంది. ఇలాంటి మాసాలకు ఇకపై ప్రభుత్వ సమయాన్ని, వనరులను వాడబోమని రక్షణ శాఖ ఆ నెలలోనే ప్రకటించింది. ఫెడరల్ కార్యాలయాల పరిస్థితి మారిన మాట వాస్తవం. ప్రైవేటు సంస్థ అందరికీ తలుపులు తెరిచి జరిపే సాంస్కృతిక కార్యక్రమాన్ని నిషేధించే చట్టం మాత్రం ఏదీ లేదు. జాతి, జన్మదేశం ఆధారంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదన్నది 1964 పౌరహక్కుల చట్టం. అది అన్ని వర్గాలనూ ఒకే రకంగా కాపాడుతుందని 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా స్పష్టం చేసింది. కాబట్టి బృందంలో సభ్యత్వం, శిక్షణ, పై అధికారులను కలిసే అవకాశం ఒక జాతికే పరిమితం చేయకూడదు. ఆహ్వానంలో అందరికీ స్వాగతమన్న వాక్యం ఉండాలి, ఆచరణలోనూ అలాగే ఉండాలి. ఫెడరల్ కాంట్రాక్టులున్న సంస్థలు తమ న్యాయవాదిని సంప్రదించాకే ముందడుగు వేయడం మంచిది.

అపోహ: పని చోట స్పానిష్ మాట్లాడనివ్వకపోవడం యాజమాన్యం ఇష్టం.

కాదు. అన్ని వేళలా ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమాన్ని సమాన ఉద్యోగావకాశాల కమిషన్ మార్గదర్శకాలు జన్మదేశ వివక్షగానే అనుమానిస్తాయి. భద్రత వంటి నిజమైన వ్యాపార అవసరం చూపగలిగినచోట, ఆ అవసరం మేరకే దానికి చోటుంది. విశ్రాంతి గదిలో తెలుగు మాట్లాడుకునే మనకూ ఇదే రక్షణ వర్తిస్తుంది.

అపోహ: భారతీయులకు దీనితో సంబంధం లేదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో స్థిరపడిన పంజాబీ రైతులు ఎందరో మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడారు. వారి వంశీకులు నేటికీ ఉన్నారు. అంత దూరం పోనక్కరలేదు, పేర్ల సంగతే చూద్దాం. స్పానిష్ సంప్రదాయంలో తండ్రి ఇంటిపేరు, ఆ తర్వాత తల్లి ఇంటిపేరు ఉంటాయి. ఇంటిపేరుకు ఒకే గడి ఉన్న సాఫ్ట్‌వేర్ మొదటి ఇంటిపేరును మధ్యపేరుగా తీసుకుని, గుర్తింపు కార్డు మీద తల్లి ఇంటిపేరు మాత్రమే ముద్రిస్తుంది. ఆ తర్వాత బీమా కార్డు ఒక పేరుతో, జీతం చెక్కు మరో పేరుతో వస్తాయి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడటం వల్ల వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని అచ్చయి, మొదటి పేరే లేని మనిషిగా ఏళ్ళ తరబడి కౌంటర్ల చుట్టూ తిరిగిన తెలుగువారికి ఈ బాధ వివరించనవసరం లేదు. మా దగ్గర పేరు గడులను సరిచేయాలని లాటినో, భారతీయ ఉద్యోగులు కలిసి అడిగినప్పుడు పని త్వరగా కదిలింది.

అపోహ: అక్టోబరు 15తో పని ముగుస్తుంది.

ఆ మర్నాడే మొదలుపెట్టవలసిన పనులున్నాయి. భద్రతా శిక్షణ కార్మికులకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే పదాల్లో ఇవ్వాలని వృత్తి భద్రతా సంస్థ ఓషా 2010లోనే యజమానులకు స్పష్టం చేసింది. అయినా ఫోర్క్‌లిఫ్ట్ హెచ్చరికలు, రసాయనాల పత్రాలు ఇంగ్లీషులోనే అంటించి, కింద సంతకాలు తీసుకునే గోదాములు ఇంకా ఉన్నాయి. కార్యక్రమానికి పిలిచిన అనువాదకుడినే మరో రోజు ఉంచుకుని ఆ పత్రాలు చూపించండి. ప్రమోషన్ ప్రకటనలు కంప్యూటర్లో మాత్రమే కాకుండా టైమ్ క్లాక్ పక్కన కూడా అంటించండి. వచ్చే ఏటి బడ్జెట్ సమావేశంలో వేదిక అలంకరణకు ఎంత అని అడిగేముందు, రెండో షిఫ్టు వారి గంట కూలికి ఎంత కేటాయించారో అడగండి.