ఉడకడం వేరు, వేగడం వేరు

పిల్లలూ,

మొన్న కుకీల డబ్బా మూత తీసి ఒకటి కొరకగానే మీలో చిన్నది ఒక ప్రశ్న వేసింది. నేనేమో నవ్వాను. "తాతయ్యా, ఇందులో బాదం వేశావా?" అంది. లేదన్నాను. "పోనీ జీడిపప్పు?" అదీ లేదన్నాను. నమ్మలేదు. కుకీని రెండుగా విరిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో మరీ వెతికింది. దాని అనుమానంలో న్యాయం ఉంది. వేయించిన బాదం వాసన ఆ కుకీల్లో నిజంగానే ఉంది, బాదం మాత్రం లేదు. మీ స్నేహితుల్లో ఒకడికి నట్స్ పడవని, చిన్న ముక్క తిన్నా గొంతు వాచిపోతుందని మీ అమ్మ ముందే చెప్పింది కాబట్టి వెయ్యలేదు. ఆ వాసన పిండిది, ఓట్స్‌ది. ఎలా వచ్చిందో తీరిగ్గా చెప్తాను, చదవండి.

మైదాని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని వాసన చూశారా? పెద్దగా ఏమీ ఉండదు. పాత కాగితం లాంటి ఒక చప్పటి వాసన, అంతే. కుకీలో ఎక్కువ భాగం ఆ పిండే. కానీ కుకీ బాగుంటే మనం వెన్నని మెచ్చుకుంటాం, చాక్లెట్‌ని మెచ్చుకుంటాం, వెనీలాని మెచ్చుకుంటాం. పిండి బాగుందని అన్నవాళ్లని నేను చూడలేదు. పిండి తప్పు కూడా లేదు. దానికి రుచి తెచ్చుకునే అవకాశమే మనం ఇవ్వం.

ఎందుకంటే, ఓవెన్ 175 డిగ్రీల్లో ఉన్నా కుకీ లోపల అంత వేడి ఉండదు. ముద్దలో నీళ్లున్నాయి. గుడ్డులో ఉన్నాయి, వెన్నలో ఉన్నాయి, పొడిగా కనిపించే పిండిలో కూడా ఉన్నాయి. ఆ నీళ్లు ఆవిరైపోయేదాకా అక్కడ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పది పన్నెండు నిమిషాల్లో అంచులు, అడుగు ఆరిపోయి, వేడెక్కి, ఎర్రబడతాయి. మధ్యలో ఇంకా మెత్తగా, తడిగా ఉండగానే మనం ట్రే బయటికి తీసేస్తాం. తియ్యాలి కూడా, లేకపోతే గట్టి బిళ్లలవుతాయి. అంటే లోపలున్న పిండి ఉడికింది గానీ వేగలేదు. కుకీ అంచు కొరికినప్పుడు ఉన్నంత రుచి మధ్యలో ఎందుకు ఉండదో ఇప్పుడు తెలిసిందా? అందుకే ఆ వేగే పనేదో తడి తగలకముందే, పిండి ఒంటరిగా ఉన్నప్పుడే చేసేస్తాం. ఇందులో కిటుకంతా ఇదే.

వేగేటప్పుడు లోపల జరిగేదానికి మయ్యార్ చర్య అని పేరు. 1912లో లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అమైనో ఆమ్లాలని (ప్రోటీన్లు వీటితోనే కట్టి ఉంటాయి), చక్కెరలని కలిపి వేడిచేస్తే గోధుమ రంగు పదార్థాలు పుట్టడం గమనించి రాశాడు. ఆయన కుకీల గురించి ఆలోచించలేదు. శరీరంలో ప్రోటీన్లు ఎలా తయారవుతాయన్నది ఆయన గొడవ. ఆ రంగు ఏయే మెట్లు ఎక్కి వస్తుందో 1953లో అమెరికాలో జాన్ హాడ్జ్ అనే రసాయన శాస్త్రవేత్త వరసగా విడదీసి చూపించాడు. బ్రెడ్డు పైపొర, కాఫీ గింజ, వేరుశనగ, ఇవన్నీ వేగినప్పుడు కమ్మగా ఉండటానికి చాలావరకు ఈ చర్యే కారణం. పుస్తకాల్లో దీన్ని మెయిలార్డ్ చర్య అని కూడా రాస్తారు, మనిషి ఒకడే.

పిండిలో పదో వంతు దాకా ప్రోటీన్ ఉంటుంది, చక్కెరలు కూడా కాసిని ఉంటాయి. 140 డిగ్రీలు దాటాక ఈ రెండూ చురుగ్గా కలిసి కొత్త వాసనలు పుట్టిస్తాయి. వాటిలో పైరజీన్లు అనే ఒక కుటుంబం ఉంది. వేయించిన నట్స్‌లోనూ, కాఫీలోనూ, కోకోలోనూ ఉండేవి ఆ కుటుంబం వాళ్లే. కాబట్టి మీ చెల్లి ముక్కు తప్పు చెప్పలేదు. బాదం లేకపోయినా, బాదం వేగినప్పుడు వచ్చే బాపతు వాసనే అక్కడుంది.

ఇక వేయించడం. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. ఇది మాటవరసకి అనడం లేదు. వేడి పిండి చేతి మీద పడితే అంటుకుని కాలుస్తుంది. గాల్లోకి దుమ్ములా లేచిన పిండి మంటకి అంటుకుంటుంది కూడా, అందుకని ఎత్తు నుంచి కుమ్మరించకండి, మంట పక్కన జల్లించకండి.

వెడల్పాటి మందం బాణలిలో 230 గ్రాముల మైదా పోసి మంట సన్నగా పెట్టండి. చెక్క గరిటతో అడుగు నుంచి పైకి తిప్పుతూనే ఉండాలి. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగదు. విసుగొస్తుంది. మంట పెంచాలనిపిస్తుంది, పెంచకండి. అప్పుడు పిండిలో ఉన్న చెమ్మ పోతోంది. చేతిని పైన పెడితే సన్నగా ఆవిరి తగులుతుంది. చెమ్మ పోయాక పిండి గరిటకి తేలికవుతుంది, తిప్పుతుంటే పొడి ఇసకలా జారుతుంది. అప్పుడు వాసన మారడం మొదలవుతుంది. ముందు ఉడికిన గోధుమ వాసన, ఆ తర్వాత పాప్‌కార్న్ వాసన, ఆ తర్వాత అప్పుడే ఓవెన్లోంచి తీసిన బిస్కెట్ వాసన. రంగు మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. తెలుపు కాస్తా మీగడ రంగుకి, మీగడ రంగు లేత ఇసక రంగుకి వచ్చేసరికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. అక్కడ ఆపెయ్యండి. ఆపడం అంటే పొయ్యి ఆర్పడం ఒక్కటే కాదు. బాణలిలో వేడి ఇంకా ఉంటుంది, వదిలేస్తే అడుగున పిండి నల్లబడుతుంది. వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి మార్చెయ్యాలి. నేనొకసారి పొయ్యి ఆర్పేశాను కదా అని ఫోన్ ఎత్తాను. రెండే నిమిషాలు. వచ్చి చూస్తే పైన పిండి బంగారం, కింద పిండి బొగ్గు. కలిపేస్తే సర్దుకుంటుందనుకుని కలిపేశాను. డబ్బా మొత్తం చేదెక్కింది.

ఓవెన్లో అయితే ఇంత కాపలా అక్కర్లేదు. ట్రేలో వేలెడు మందం మించకుండా పరిచి, 175 డిగ్రీల్లో పెట్టి, ఐదు నిమిషాలకోసారి కలుపుతూ ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. సమానంగా వేగుతుంది. అయినా నాకు బాణలే ఇష్టం. వాసన మారడం ముక్కుకి తెలుస్తుంది.

బాగా ఎర్రగా వేయిస్తే ఇంకా కమ్మగా ఉంటుంది కదా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఉండదు, చేదవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. పిండి పదార్థాలు బాగా మాడినప్పుడు ఆక్రిలమైడ్ అనే మంచిది కాని పదార్థం ఎక్కువగా పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. భయపడి వేయించడం మానెయ్యక్కర్లేదు. లేత బంగారు రంగు దగ్గర ఆగితే చాలు.

ఇప్పుడు చల్లారనివ్వాలి. పూర్తిగా. నా మొదటి ప్రయత్నం ఇక్కడే బెడిసికొట్టింది. పిండి గోరువెచ్చగా ఉంది, పరవాలేదులే అనుకుని వెన్నలో కలిపేశాను. వెన్న కరిగి ముద్ద కాస్తా జారుడైపోయింది. ట్రేలో పన్నెండు కుకీలు పెడితే ఓవెన్లోంచి ఒకటే పెద్ద కుకీ బయటికొచ్చింది, ట్రే ఆకారంలో. కత్తితో కోసుకుని తిన్నాం. రుచికి వంక పెట్టలేదెవరూ, అది వేరే సంగతి. చల్లారాక ఒకసారి జల్లించండి. వేగిన పిండిలో చిన్న చిన్న ఉండలు ఉంటాయి, అవి ముద్దలో కరగవు, పంటికి తగులుతాయి.

తూకం వేసేది వేయించాకే. మామూలు పిండి వంద గ్రాముల్లో 12 నుంచి 14 గ్రాముల దాకా నీళ్లే ఉంటాయి. వేయిస్తే అందులో చాలావరకు పోతాయి. అంటే మీరు పోసిన 230 గ్రాములు, దించేసరికి 200కి కాస్త అటూ ఇటూ అవుతాయి. ఎండిపోయిన ఆ పిండి ముద్దలోకి రాగానే దాహంతో ఉన్నట్టు తడినంతా పీల్చేస్తుంది. అందుకే మామూలు కొలతలకి ఒకటి రెండు చెంచాల పాలు ఎక్కువ పడతాయి. ముద్ద కలిపాక కనీసం అరగంట, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే తడి అంతటా సమంగా పాకుతుంది.

మొత్తం పిండి వేయించినదే వాడితే ఇంకా బాగుంటుందనుకుని నేనూ చేసి చూశాను. చేతిలోకి తీసుకోగానే పొడైపోయింది. కుకీని పట్టి ఉంచేది గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్. వేడికి దాని పట్టు సడలిపోతుంది. పిండిలో ఉన్న గంజి పదార్థం కూడా కొంత విరిగిపోయి, చిక్కబడే శక్తి తగ్గుతుంది. అందుకని సగం వేయించినది, సగం మామూలుది. మొదటిసారి చేసేవాళ్లు పావు వంతుతో మొదలుపెట్టినా తప్పు లేదు.

ఓట్స్ సంగతి సులువు. అవి మన దగ్గరికి వచ్చేసరికే సగం వంటయి వస్తాయి. ఓట్స్‌లో కొవ్వు గోధుమ కంటే ఎక్కువ, దాన్ని పాడుచేసే ఎంజైమ్ కూడా ఆ గింజలోనే ఉంటుంది. అలాగే వదిలేస్తే చేదెక్కుతాయి కాబట్టి ఫ్యాక్టరీలో ఆవిరి పట్టి ఆ ఎంజైమ్‌ని చంపి, ఆ తర్వాత అటుకుల్లా నొక్కుతారు. మీరు చెయ్యాల్సిందల్లా ట్రేలో పరిచి 175 డిగ్రీల్లో పది పన్నెండు నిమిషాలు ఉంచడం, మధ్యలో ఒకసారి కలపడం. అంచులు ఎర్రబడితే చాలు. లేదా బాణలిలో ఒక చెంచా వెన్న వేసి ఐదారు నిమిషాలు తిప్పండి, అదింకా బాగుంటుంది. వేయించిన ఓట్స్ తొందరగా మెత్తబడవు, నమలడానికి బాగుంటాయి. నిమిషంలో ఉడికే సన్నరకం ఓట్స్ మాత్రం కొనకండి, వేగేలోపే పొడి అవుతాయి.

ఇక నా కొలతలు. 150 గ్రాముల మెత్తటి వెన్న, 150 గ్రాముల బ్రౌన్ షుగర్, 50 గ్రాముల పంచదార బాగా గిలకొట్టాలి. గుడ్డు ఒకటి, చెంచాడు వెనీలా, రెండు చెంచాల పాలు వెయ్యాలి. వేయించిన పిండి 90 గ్రాములు, మామూలు పిండి 90 గ్రాములు, వంట సోడా అర చెంచా, ఉప్పు అర చెంచా విడిగా కలిపి అందులో పొయ్యాలి. చివర్లో వేయించిన ఓట్స్ 120 గ్రాములు. ఉప్పు మానకండి, అది లేకపోతే ఆ కమ్మదనం బయటికి రాదు. ముద్దని ఫ్రిజ్‌లో ఉంచి తీశాక, చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి దూరం దూరంగా పెట్టి, 175 డిగ్రీల్లో 11 నుంచి 13 నిమిషాలు కాల్చాలి. ఇరవై దాకా వస్తాయి. బయటికి తీసినప్పుడు మధ్యలో మెత్తగానే ఉంటాయి, కంగారు పడకండి, ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలేస్తే గట్టిపడతాయి. చాక్లెట్ ముక్కలు వేసుకుంటామంటే కాదనను, కానీ మొదటిసారి వద్దు. చాక్లెట్ ఉంటే ఇంకేదీ వినిపించదు.

పిండి వేయించాం కదా, పచ్చి ముద్ద తినొచ్చా అని పెద్దవాడు తప్పకుండా అడుగుతాడు. తినకూడదు. పచ్చి పిండిలో రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, పొడిగా ఉన్నచోట అవి వేడికి ఒక పట్టాన చావవు. ఇంట్లో వేయించినంత మాత్రాన పిండి పచ్చిగా తినడానికి పనికిరాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా స్పష్టంగా చెప్పింది. పైగా సగం పిండి వేయించనే లేదు, గుడ్డు కూడా పచ్చిదే. గరిట నాకడం కూడా లెక్కలోకే వస్తుంది.

మీ స్నేహితుడికి ఇచ్చేముందు పిండి ప్యాకెట్టు, ఓట్స్ ప్యాకెట్టు, ఇంకా మీరు ఏం వేస్తే వాటి వెనక వైపు చదవండి. నట్స్ కూడా ఆడించే చోటే తయారైందని రాసి ఉంటే ఆ ప్యాకెట్టు వద్దు. బాణలి, గరిట కూడా బాగా కడిగి వాడండి. వాసన చూసి వాడు భయపడతాడేమో, ముందే చెప్పండి బాదం లేదని. వాడు కూడా కుకీని విరిచి చూస్తే ఏమీ అనకండి.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: పిండి కొంచెం ఎక్కువే వేయించి, చల్లారాక గాలి చొరని సీసాలో పోసి పెట్టుకోండి, రెండు మూడు వారాలు బాగుంటుంది. సీసా మీద ‘వేయించినది’ అని రాయండి. నేను రాయలేదు. మీ అమ్మమ్మ అది మామూలు పిండే అనుకుని బ్రెడ్డు చేసింది, అది ఒక్క అంగుళం కూడా పొంగలేదు.